డెన్మార్క్ ఎగువసభ ఎన్నికలు, 1902–1914: దిగువసభలో 8 సీట్లకు పడిపోయిన పార్టీ ఇక్కడ ఎలా నిలబడింది?

బెజవాడ_బ్యాలెట్
1901 ఏప్రిల్‌లో ఫోల్కెటింగ్ (దిగువసభ) ఎన్నికల్లో హోయ్రే (కుడిపక్ష కన్సర్వేటివ్) పార్టీకి 114 సీట్లలో 8 వచ్చాయి. ఆ జూలైలో రాజు వెన్‌స్ట్ర (ఉదారవాద పార్టీ) వాళ్ళ మంత్రివర్గాన్ని ఒప్పుకోక తప్పలేదు. కానీ ఎగువసభ, అదే లాన్స్‌టింగ్, హోయ్రే చేతిలోంచి జారడానికి ఇంకో పదమూడేళ్ళు పట్టింది. ఎక్కడ చదివినా "పరోక్ష ఎన్నిక, డబ్బున్నవాళ్ళకు ప్రత్యేక ఓటు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. ఆ ముక్క నాకు చాలదు. మామూలు ఓటరు వేసిన ఓటు సీటుగా మారేలోపు ఎన్ని మెట్లెక్కేది, ఏ మెట్టు దగ్గర నీరుగారిపోయేది? పైగా అక్కడ వాడింది ఆండ్రే గారి నిష్పత్తి పద్ధతి. నిష్పత్తి ప్రకారం పంచితే ఓడినవాడు ఓడిపోవాలి కదా?

శాసనమండలి_శాస్త్రి
1866 రాజ్యాంగం ప్రకారం లాన్స్‌టింగ్‌లో 66 మంది. 12 మందిని రాజు జీవితకాలానికి నియమిస్తాడు. ఫారో దీవుల స్థానిక సభ లాగ్‌టింగ్ ఒకరిని పంపుతుంది. మిగిలిన 53లో కోపెన్‌హేగన్‌కు 7, బోర్న్‌హోల్మ్ దీవికి 1, పట్టణాలూ పల్లెలూ కలిపి గీసిన పెద్ద నియోజకవర్గాలకు 45. పదవీకాలం 8 ఏళ్ళు, 4 ఏళ్ళకోసారి సగం మంది దిగిపోతారు. అందుకే 1902, 1906, 1910, 1914 అని వరస.

ఇక మెట్లు. దిగువసభకు ఓటున్నవాడే ఇక్కడా మొదటి మెట్టు మీద ఉంటాడు. అంటే మగవాడు, 30 నిండాలి, సొంత కాపురం ఉండాలి, పేదల సహాయనిధి నుంచి డబ్బు తీసుకుని తిరిగి కట్టకుండా ఉండకూడదు. ఇంకొకరి ఇంట్లో ఉంటూ పనిచేసే పాలేరుకు మొదటి మెట్టే లేదు.

ఈ ఓటరు సభ్యుడికి నేరుగా ఓటు వెయ్యడు, ఎలక్టరును ఎన్నుకుంటాడు. పల్లెల్లో ఒక్కో స్థానిక సంఘానికి (మన లెక్కలో పంచాయతీ అనుకోండి) ఒక ఎలక్టరు. అయితే ఆ నియోజకవర్గంలోని పల్లెల్లో ఎక్కువ పన్ను కట్టేవాళ్ళను పైనుంచి లెక్కపెట్టి, ఎన్ని పంచాయతీలుంటే అంతమందిని ఎవరూ ఎన్నుకోకుండానే ఎలక్టర్ల సరసన కూర్చోబెడతారు. 60 పంచాయతీలుంటే ఊళ్ళు పంపిన 60 మంది, పన్ను జాబితా పంపిన 60 మంది.

కోపెన్‌హేగన్‌లో 120 మంది ఓటర్లకు ఒక ఎలక్టరు. మళ్ళీ అంతే సంఖ్యలో ఎలక్టర్లను 2,000 రిగ్స్‌డాలర్ల (తర్వాతి నాణెంలో 4,000 క్రోనర్ల) ఆదాయం దాటినవాళ్ళు విడిగా ఎన్నుకుంటారు. మిగతా పట్టణాల్లోనూ ఇదే తీరు, ఆదాయ పరిమితి తక్కువ.

ఇలా తేలిన ఎలక్టర్లంతా ఒకచోట చేరి ఆండ్రే పద్ధతిలో ఓటేస్తారు. నిష్పత్తి అనేది ఈ చివరి మెట్టు దగ్గరే ఉంది. కిందిమెట్టులో ఊరికి ఒక్కరే ఎలక్టరు కాబట్టి ఊళ్ళో ఎవరికి ఎక్కువ పడితే వాళ్ళే, రెండోవాడికి సున్నా. బ్యాలెట్ గారి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

కాకినాడ_కాజా
నీళ్ళు కలిపేసిన పాలను చాలా న్యాయంగా కొలిచి పోశారన్నమాట.

పాలమూరు_ఓటు
శాస్త్రి గారు చెప్పిన లెక్క ఇంకొంచెం ముందుకు జరుపుత. 66ల మెజారిటీ అంటే 34. రాజు పెట్టిన 12 మంది చేతుల ఉంటే ఇంక కావల్సింది 22. ఎన్నికయ్యేటోళ్ళు 54, అందుల 22 అంటే వందకు 41 కూడ కాదు. ఎలక్టర్లల్ల సగం మంది పైసలున్నోళ్ళ దిక్కువాళ్ళే అయినప్పుడు, ఆ సగంల అయిదింట నాలుగు వంతులు హోయ్రేకు పడ్డా మొత్తంల 40 శాతం ఐపాయె. మామూలు ఓటరు ఇంటి దిక్కు పోకుండనే అంచుదాక వచ్చేసిన్రు. ఊళ్ళల్ల అక్కడక్కడ నలుగురు దొరికితె పనైపాయె.

బెజవాడ_బ్యాలెట్
ఓటు అన్నా, ఇది బాగుంది. కానీ పన్ను జాబితాలో పైనున్నవాళ్ళంతా హోయ్రే అనుకోవచ్చా? వెన్‌స్ట్ర రైతుల పార్టీ, డేనిష్ రైతుల్లో స్థితిమంతులు చాలామందే ఉన్నారు.

శాసనమండలి_శాస్త్రి
అనుకోకూడదు. ఎస్టేట్లు ఎక్కువున్న చోట జాబితా నిండా జమీందార్లు. సొంత పొలం రైతులు ఎక్కువున్న చోట పైవరసలోనూ వాళ్ళే, అంటే వెన్‌స్ట్ర మనుషులే. అందువల్ల "ప్రత్యేక ఓటు" అన్నిచోట్లా ఒకేలా పనిచెయ్యలేదు. ఇంకో సంగతి, హోయ్రే కూడా ఒక్క ముద్దగా లేదు. 1902కల్లా మోగెన్స్ ఫ్రీస్ వెనకాల ఫ్రీ కన్సర్వేటివ్‌లు విడిపోయి, చాలా బిల్లుల మీద ప్రభుత్వంతో బేరం కుదుర్చుకునేవారు. 1903 పన్ను సంస్కరణలు లాన్స్‌టింగ్ దాటాయంటే అలాంటి రాజీల వల్లే. గట్టిగా అడ్డం పడింది రాజ్యాంగ సవరణ దగ్గర.

లెక్కల_మాస్టారు
ఆండ్రే పద్ధతి అంటున్నారు గానీ ఎవరూ లెక్క చెప్పలేదు. సి. జి. ఆండ్రే గణితజ్ఞుడు, ఆర్థికమంత్రి. 1855లో రిగ్స్‌రోడ్ (డేనిష్ రాజ్యమంతటికీ ఉమ్మడి సభ) ఎన్నికల కోసం దీన్ని చట్టంలో పెట్టాడు. ఇంగ్లండులో థామస్ హేర్ ఇదే ఆలోచన అచ్చువేసింది ఆ తర్వాతే. 1866లో దీన్నే లాన్స్‌టింగ్ చివరి మెట్టుకు తీసుకున్నారు.

ఎలక్టరు తన చీటీ మీద పేర్లు వరసగా రాస్తాడు, మొదట కావలసినవాడు పైన. పోలైన చీటీల్ని సీట్లతో భాగించి భిన్నం వదిలేస్తే వచ్చేది కోటా. చీటీలన్నీ పెట్టెలో వేసి కలిపి ఒక్కొక్కటే తీస్తారు. పై పేరు చదివి ఆ పేరుకు ఒకటి వేస్తారు. ఎవరికైనా కోటా నిండగానే అతను నెగ్గినట్టు. ఆ తర్వాత తీసిన చీటీ మీద అతని పేరు పైనుంటే దాన్ని కొట్టేసి రెండో పేరుకు వేస్తారు. అతను కూడా నిండి ఉంటే మూడో పేరు.

చీటీలన్నీ అయ్యాక సీట్లు మిగిలితే, కోటా నిండనివాళ్ళలో ఎక్కువ వచ్చినవాళ్ళను తీసుకుంటారు, కోటాలో సగం దాటి ఉండాలి. అందరికంటే వెనకబడినవాణ్ణి తప్పించి అతని చీటీలు వేరేవాళ్ళకు మార్చడం ఇందులో లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, తంటా అంతా అక్కడే.

కాకినాడ_కాజా
పెట్టెలోంచి తీసే వరస మీద ఫలితం మారిపోదా మాస్టారూ? మొదట వచ్చిన చీటీలు కోటాలోకి, వెనకొచ్చినవి రెండో పేరుకు. లాటరీయే కదా.

లెక్కల_మాస్టారు
మారుతుంది. ఎంత మారుతుందో చూద్దాం. అంకెలు నేను కల్పించినవే, ఏ అసలు నియోజకవర్గానివీ కావు.

100 మంది ఎలక్టర్లు, 4 సీట్లు. కోటా 25. రైతుల జట్టుకు 40 చీటీలు, అన్నిటి మీదా పైన రామయ్య. వాటిలో 32 మీద రెండో పేరు భీమయ్య, 8 మీద సోమయ్య. ఎస్టేటు జట్టుకు 38 చీటీలు, అన్నీ ఒకే వరస: రంగారావు, కింద మాధవరావు. మిగిలిన 22 చీటీలు పట్టణాల జట్టువి, పైన ఒకే మనిషి.

రామయ్యకు 25 నిండాక మిగిలేవి 15. రంగారావుకు నిండాక 13 మిగిలి అన్నీ మాధవరావుకే పోతాయి, కోటాలో సగమైన 12న్నర దాటినట్టే. పట్టణాల మనిషికి 22, అతనూ సగం దాటాడు. నాలుగో సీటు భీమయ్యకా, మాధవరావుకా?

మిగిలిన 15లో సోమయ్య చీటీలు ఎన్ని పడ్డాయన్నదే ప్రశ్న. సగటున 3. అప్పుడు భీమయ్యకు 12, మాధవరావుకు 13, సీటు పోయింది. సోమయ్యవి రెండే పడితే 13–13 సమానం, ఒకటో సున్నానో పడితే భీమయ్య నెగ్గుతాడు. లెక్క కడితే నేరుగా నెగ్గేది నూటికి 11 సార్లు, సమానమయ్యేది 24 సార్లు. మిగతా 65 సార్లు 40 మంది జట్టుకు ఒక్క సీటు, 38 మంది జట్టుకు రెండు.

ఇప్పుడు ఆ 8 మంది కూడా రెండో పేరుగా భీమయ్యనే రాశారనుకోండి. 15 చీటీలూ అతనికే. లాటరీ లేదు, గొడవ లేదు, 2 సీట్లు.

పాలమూరు_ఓటు
అంటే పార్టీ ఇచ్చిన లిస్టు అక్షరం తప్పకుండ దింపాలె. సొంత తెలివి చూపిచ్చినోడు పక్కపార్టీకి సీటిచ్చినట్టే.

లెక్కల_మాస్టారు
అంతే. మనిషిని చూసి ఓటెయ్యమని తెచ్చిన పద్ధతి ఆచరణలో జాబితా పద్ధతి అయి కూర్చుంటుంది. కట్టుబాటున్న జట్టుకు చీటీలు తీసే వరసతో పనే లేదు.

నీలవేణి_ఎన్
మాస్టారి లెక్కే మన రాజ్యసభ నియమాలతో చేసి చూశాను, తేడా తెలుస్తుందని. మన దగ్గర ఒక్కో చీటీ విలువ 100. కోటా అంటే మొత్తం విలువను సీట్లకు ఒకటి కలిపి భాగించి, వచ్చినదానికి 1 కలపాలి: 10,000ను 5తో భాగిస్తే 2,000, కలిపితే 2,001. రామయ్యకు 4,000 ఉంది, మిగులు 1,999. దాన్ని 40 చీటీలకూ పంచితే ఒక్కోదానికి 49, భిన్నం వదిలేస్తారు. భీమయ్యకు 1,568, సోమయ్యకు 392. రంగారావు మిగులు 1,799ని 38 చీటీలకు పంచితే తలా 47, అంటే మాధవరావుకు 1,786. ఇక్కడిదాకా మాధవరావే ముందున్నాడు. కానీ సోమయ్యను తప్పించి అతని 8 చీటీలు మూడో పేరుకు పంపుతారు. అక్కడ భీమయ్య ఉంటే 1,960, సీటు అతనిదే. లాటరీ లేదు, చీలిక వల్ల నష్టమూ లేదు.

కాబట్టి "రాజ్యసభ పద్ధతి ఆండ్రేదే" అనేవాళ్ళు సగమే చెబుతున్నారు. వరస రాయడం, మిగులు ఓటు కిందికి దిగడం ఆయనవి. మిగులును భిన్నాలుగా పంచడం, వెనకబడినవాణ్ణి తప్పించడం, చిన్న కోటా ఆయనవి కావు.

కాకినాడ_కాజా
మన 175 మంది ఎమ్మెల్యేలకు ఈ తెలివితేటలన్నీ ఎందుకక్కా, పార్టీ ఏజెంటుకు చూపించి పెట్టెలో వెయ్యడమేగా.

నీలవేణి_ఎన్
3 సీట్ల ఎన్నికైతే 17,500ను 4తో భాగించి 1 కలపాలి, 4,376. అంటే 44 మంది కావాలి. 43 మందితో ఆగిపోయిన పార్టీకి తెలుస్తుంది ఎందుకో.

ఉప్సల_ఉప్పు
ధనికుల ఓటు మాటొస్తే డెన్మార్క్ చాలా మర్యాదస్తురాలు. పక్కనే స్వీడన్ చూడండి. మొదటి సభను ఎన్నుకునేది జిల్లా సభలు, పెద్ద నగరాల మండళ్ళు. వాటి సభ్యుల ఎన్నిక స్థానిక ఓటు మీద నడిచేది. ఆ స్థానిక ఓటు పన్నును బట్టి పెరుగుతూ పోయేది. పల్లెల్లో చాలాకాలం పరిమితే లేదు. 1871 లెక్కల్లో 54 పంచాయతీల్లో ఒక్క మనిషి చేతిలోనే సగానికి పైగా ఓట్లున్నాయి. కంపెనీలకూ ఓటుండేది! 1900లో 5,000 ఓట్ల పరిమితి పెట్టారు. 1907లో చేసి 1909లో ఖరారైన సంస్కరణలో దాన్ని 40కి దించి, రెండు సభలకూ నిష్పత్తి పద్ధతి తెచ్చారు.

నిలబడాలన్నా ఆస్తి కావాలి. మొదట 80,000 క్రోనర్ల స్థిరాస్తి గానీ 4,000 క్రోనర్ల ఆదాయం గానీ ఉండాలనేవారు. 1909 మార్పులో 50,000కూ 3,000కూ తగ్గించారు.

1911 సెప్టెంబరులో దిగువసభ గెలిచి కార్ల్ స్టాఫ్ ప్రధాని అయ్యాడు. కొత్త నియమాలతో మొదటి సభ మారుతుందేమోనని దాన్ని ఒక్కదాన్నే రద్దు చేయించాడు. ఉదారవాదులకూ సోషల్ డెమోక్రాట్లకూ సీట్లు పెరిగాయి గానీ మెజారిటీ మాత్రం కుడిపక్షానిదే. కారణం నియమాల్లోనే ఉంది: సభ కొత్తది, దాన్ని ఎన్నుకునే జిల్లా సభలేమో 40 ఓట్ల కొలబద్ద మీద నిలబడ్డవి. స్థానిక ఎన్నికల్లో సమాన ఓటుకు 1918 డిసెంబరులో ఒప్పుకున్నాకే, 1919లో మళ్ళీ రద్దుచేసి ఎన్నుకుంటే సభ రంగు మారింది.

పాలమూరు_ఓటు
మనిషికి 40 ఓట్లు, అదీ తగ్గిచ్చినంక! గదీ మజా.

శాసనమండలి_శాస్త్రి
ఉప్పు గారు మంచి పోలిక తెచ్చారు. స్వీడన్‌లో రద్దు 1911లో పనిచెయ్యలేదు, డెన్మార్క్‌లో 1914లో పనిచేసింది. ఎందుకని ఎవరైనా అడుగుతారేమో అని చూస్తున్నాను.

బెజవాడ_బ్యాలెట్
అడిగేశాను అనుకోండి. 1914లో రాజు నియమించిన 12 మందిని కూడా ఇంటికి పంపారా?

శాసనమండలి_శాస్త్రి
లేదు. రద్దు ఎన్నికైనవాళ్ళకే, ఆ 12 మంది కదలరు. సంగతి ఇలా నడిచింది. 1912లో క్లౌస్ బెర్న్‌ట్సెన్ ప్రభుత్వం రాజ్యాంగ సవరణ బిల్లు తెచ్చింది: స్త్రీలకు ఓటు, ధనికుల ప్రత్యేక ఓటు రద్దు, రాజు నియామకాలు రద్దు. దిగువసభ ఒప్పుకుంది, లాన్స్‌టింగ్‌లో ఇరుక్కుంది. 1913లో సాలె నాయకత్వంలో రాడికల్ పార్టీ ప్రభుత్వం వచ్చింది. 1914 జూన్‌లో హోయ్రే సభ్యులు సభలోంచి లేచిపోయి కోరం లేకుండా చేశారు. రాజు లాన్స్‌టింగ్‌ను రద్దుచేశాడు. జూలైలో ఎన్నిక, హోయ్రే మెజారిటీ పోయింది.

ఎందుకు పనిచేసిందంటే, మామూలుగా 4 ఏళ్ళకు సగం సీట్లే కదులుతాయి. 1910లో నిండిన సగం 1918 దాకా ఉండాల్సింది. రద్దు వల్ల రెండు సగాలూ ఒకేసారి ఎన్నికకు వచ్చాయి. ఇక నియమిత స్థానాలంటారా, జీవితకాలం అన్నారు గానీ జీవితానికీ ఒక కాలం ఉంది కదా. పాత రోజుల్లో తాత్కాలిక బడ్జెట్లతో దేశాన్ని నడిపిన ఎస్ట్రుప్ 1913 డిసెంబరులో పోయాడు. అలాంటి ఖాళీల్లో కొత్తవాళ్ళ పేర్లు సూచించేది అప్పటి మంత్రివర్గం. 1901 తర్వాత ఆ కలం హోయ్రే చేతిలో లేదు.

లెక్కల_మాస్టారు
కాబట్టి ఓటు గారు పైన చెప్పిన 12 + 22 లెక్క 1901 నాటికి సరిపోతుంది, 1914కు సరిపోదు. ఒకవైపు 12 తరుగుతోంది, అంటే 22 అన్నది పెరుగుతోంది.

పాలమూరు_ఓటు
ఒప్పుకోను మాస్టారూ, పూర్తిగ ఒప్పుకోను. తరిగింది సరే, కాని ఒక్కొక్క మనిషి పోయేదాక ఆగాలె. గా ఆగుడే వాళ్ళ బలం. నియామకం లేకుంటె 1906లనో 1910లనో కథ ముగిసేది. అసలు తాళం రాజు కోటానే.

నీలవేణి_ఎన్
నేను శాస్త్రి గారి వైపు. తాళం ఎలక్టర్లలో సగమే. ఊహకు నియామకాలు తీసేసి చూడండి. 54 మంది సభలో మెజారిటీ 28. ఎలక్టర్లలో సగం ధనికులకు రాసిచ్చి పెట్టినప్పుడు 28కి వాళ్ళు ఎంత దూరంలో ఉన్నారు? అదే ధనికుల సగం తీసేసి 12 మందిని ఉంచండి. ఊళ్ళు పంపిన ఎలక్టర్లతో 54లో 22 తెచ్చుకోవడం, దిగువసభలో 114కి 8 వచ్చిన పార్టీ వల్ల అయ్యే పనేనా?

పైగా బ్యాలెట్ గారి మొదటి ప్రశ్నకు మిగతా సగం జవాబు ఇది. చివరి మెట్టు మెజారిటీ పద్ధతిలో ఉండి ఉంటే, సమంగా ఉన్న రెండు సగాల మధ్య నలుగురు అటు మారినా నియోజకవర్గం మొత్తం సీట్లు ఒక్కసారిగా చేతులు మారేవి. నిష్పత్తి వల్ల నలుగురు మారితే మారేది మహా అయితే ఒక సీటు. ఆండ్రే పద్ధతి హోయ్రేను గెలిపించలేదు, మెల్లగా ఓడనిచ్చింది.

బెజవాడ_బ్యాలెట్
నేను వెతుకుతున్న మాట ఇదే అక్కా.

పాలమూరు_ఓటు
మాట బాగుంది గాని, మెజారిటీ పద్ధతిల ఎస్టేట్లున్న కాడ మొత్తం సీట్లు హోయ్రేకే పోవు? అటు పోయేటివి ఇటు పోయేటివి కలిపి చూడాలె కదా.

నీలవేణి_ఎన్
పోతాయి. అప్పుడు కొన్ని జిల్లాలు కోటల్లా మిగిలిపోయేవి, కొన్ని పూర్తిగా కూలేవి. నెమ్మదిగా కరగడమైతే ఉండేది కాదు.

ఉప్సల_ఉప్పు
1915 మార్పు సంగతి ఎవరూ ఎత్తలేదే. జూన్ 5న సంతకమైన ఆ రాజ్యాంగంలో లాన్స్‌టింగ్‌కు 72 మంది. నియామకాలు పోయాయి, ధనికుల ఓటు పోయింది, స్త్రీలకు ఓటు వచ్చింది. ఎలక్టర్ల మెట్టు మాత్రం ఉంచారు. ఓటరుకు వయసు 35 పెట్టారు. రాజు స్థానాల బదులు 18 మందిని దిగిపోయే సభే ఎన్నుకుని పోతుంది.

కాకినాడ_కాజా
దిగిపోయే సభ తర్వాతి సభలో పావువంతు నింపి పోతుందా? ఇది మన రాజకీయాల దాకా రాకపోవడం అదృష్టం. ఇక్కడివాళ్ళు చదవకుండా ఎవరైనా ఈ పోస్టు దాచండి.

లెక్కల_మాస్టారు
నింపడం నిష్పత్తి ప్రకారమే, ఒక్క పార్టీ ఊడ్చుకుపోవడానికి లేదు. కానీ పాత సభ బలాబలాలు కొత్త సభలోకి పావువంతు మోసుకొస్తాయి. నీలవేణి గారన్న మెల్లగా ఓడటం ఇంకో రూపంలో.

ఉప్సల_ఉప్పు
అవును, సోషల్ డెమోక్రాట్లూ రాడికల్‌లూ కలిసి లాన్స్‌టింగ్‌లో మెజారిటీ సాధించింది 1936లో. 1915 నియమాలతో మొదటి ఎన్నిక 1918లో జరిగింది, రెండు సభలకూ కలిపి 9 మంది స్త్రీలు వచ్చారు. లాన్స్‌టింగ్‌కు వచ్చినవాళ్ళలో నీనా బాంగ్ ఒకరు, 1924లో విద్యామంత్రి అయ్యారు. ఐస్‌లాండ్‌లోనూ అక్కడి పార్లమెంటు ఆల్తింగ్‌లోకి మొదటి మహిళ వచ్చింది ఎగువసభ దారిలోనే. 1922లో దేశమంతా ఒకే నియోజకవర్గంగా జరిగిన ఎన్నికలో, మహిళల జాబితా నుంచి ఇంగిబ్యోర్గ్ బ్యార్నసన్.

బెజవాడ_బ్యాలెట్
మరి మన మండలిని ఎన్‌టీఆర్ 1985లో తీసేస్తే 2007లో మళ్ళీ వచ్చింది. 2020లో మళ్ళీ రద్దు తీర్మానం, 2021లో ఆ తీర్మానమే వెనక్కి. లాన్స్‌టింగ్ తీసెయ్యడం అంత తేలిగ్గా అయ్యిందా?

శాసనమండలి_శాస్త్రి
కాలేదు. మన దగ్గర శాసనసభ ప్రత్యేక మెజారిటీతో తీర్మానం చేస్తే పార్లమెంటు మామూలు చట్టంతో తీసెయ్యొచ్చు, పెట్టొచ్చు. అక్కడ ప్రజాభిప్రాయ సేకరణ గట్టెక్కాల్సి వచ్చింది. అప్పటి నియమం ప్రకారం పోలైన ఓట్లలో మెజారిటీ వస్తే చాలదు, మొత్తం ఓటర్లలో 45 శాతం మంది ఔనని వెయ్యాల్సి ఉండేది. 1939లో ఔనన్నవాళ్ళు 44.46 శాతం. అర శాతం తక్కువై లాన్స్‌టింగ్ ఇంకో 14 ఏళ్ళు బతికింది. 1953లో 45.76 శాతం వచ్చాయి, సభ పోయింది. అప్పట్నుంచి ఫోల్కెటింగ్ ఒక్కటే, 179 మంది.

కాకినాడ_కాజా
1939లో ఆ అర శాతం ఎండకు బయటికి రాలేదేమో.

శాసనమండలి_శాస్త్రి
డెన్మార్క్‌లో మే నెల కాజా గారూ. ఎండొస్తే పండగ చేసుకుంటారు.

లెక్కల_మాస్టారు
బ్యాలెట్ గారూ, 1902, 1906, 1910 ఫలితాల పట్టికలు ముందేసుకుని కూర్చుంటే ఒకటి చూసుకోండి. పట్టికలో ఉన్నది ఆ ఏడు ఎన్నికైన సగమా, ఎన్నిక తర్వాత మొత్తం సభా? రెండూ కలిపేసి "హోయ్రే ఇన్ని పోగొట్టుకుంది" అని లెక్కలు వేస్తుంటారు. ఒక ఏడు ఎన్నికను సరిగ్గా 8 ఏళ్ళ ముందుదానితోనే పోల్చాలి, సీట్లు అవే కాబట్టి. 1910ని 1902తో, 1906ని 1898తో. 1914 మాత్రం విడి, రెండు సగాలూ కలిసి వచ్చాయి.

బెజవాడ_బ్యాలెట్
నా దగ్గరున్న పట్టికలో 1906 పక్కన 1902 వేసి తేడా చూపించారు. దాన్ని పక్కన పడేస్తున్నాను.